పసుపు, సున్నం, టైఫాయిడ్

వైద్యవిద్య రెండో ఏడాది పిల్లలకు మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ మొదలైన కొత్తలో నేను రెండు స్లైడ్లు ఇచ్చేదాన్ని. రెండింటికీ గ్రామ్ రంగు వేసి ఉంటుంది. స్లైడు మీద నూనె బొట్టు వేసి వంద రెట్ల లెన్సు దించి చూస్తే రెండింటిలోనూ ఒకటే దృశ్యం. గులాబీ రంగు కడ్డీలు, కళ్లంలో వడ్లగింజలు చెదిరినట్టు అటూ ఇటూ పడి ఉంటాయి. ఒక్కో కడ్డీ పొడవు రెండు మూడు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. "వీటిలో ఈ.కోలై ఏది, టైఫాయిడ్ ఏది?" అని అడిగేదాన్ని. పిల్లలు కళ్లు చికిలించి చాలాసేపు చూసేవారు. ఒకరు ఎడమదాంట్లో కడ్డీలు కాస్త సన్నగా ఉన్నాయనేవారు. ఇంకొకరు కుడివైపువి పొడుగనేవారు. అదంతా ఊహే. ఎన్నో ఏళ్లు ఆ లెన్సులో చూసిన నేనూ చెప్పలేను. మనం పుట్టిన తొలిరోజుల నుంచీ పేగులో కాపురముండే ఈ.కోలై, వారాల తరబడి మనిషిని మంచాన పడేసే సాల్మొనెల్లా టైఫీ, కంటికి ఒకే మూసలో పోసినట్టుంటాయి.

మరి లేబొరేటరీ ఆ రెండింటినీ ఎలా విడదీస్తుంది? బ్యాక్టీరియాకు ఏం పెడితే తింటుంది, ఏది ముట్టదు, తిన్నాక ఏం వదులుతుంది అని చూస్తుంది. బయోకెమికల్ పరీక్షలు అని మేం పిలిచేవాటి పనంతా ఇదే. గాజు గొట్టాల్లో ఒక్కో వంటకం వడ్డించి, రాత్రంతా వెచ్చగా ఉంచి, పొద్దున్నే విస్తరి చూడటం.

ఈ పద్ధతి అవసరంలోంచే పుట్టింది. 1880లో కార్ల్ ఎబెర్త్ టైఫాయిడ్‌తో చనిపోయినవారి ప్లీహంలో ఈ కడ్డీలను చూశాడు. 1884లో రాబర్ట్ కాక్ సహచరుడు గాఫ్కీ వాటిని శరీరం బయట పెంచగలిగాడు. మరుసటి ఏడాది, 1885లో, మ్యూనిక్‌లో పిల్లల వైద్యుడు థియొడోర్ ఎష్రిక్ పసిపిల్లల మలాన్ని రోజురోజూ పరీక్షిస్తూ, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పేగులో కూడా అచ్చం అలాంటి కడ్డీలే ఉన్నాయని రాశాడు. తర్వాతి కాలంలో ఆయన పేరే దానికి స్థిరపడింది: ఎష్రిషియా కోలై. మనం ముద్దుగా ఈ.కోలై అంటున్నది దాన్నే. సరిగ్గా అక్కడే చిక్కు వచ్చింది. ఊరి బావినీళ్లలో ఇలాంటి కడ్డీ కనిపిస్తే అది పేగు కాపురస్తుడా, జ్వరం తెచ్చేదా? ఫ్రాన్స్‌లో కొందరైతే రెండూ ఒకటేనని, మామూలు కోలైయే పరిస్థితి మారితే టైఫాయిడ్ సూక్ష్మజీవి అవుతుందని వాదించారు. కంటికి కనిపించిందే సాక్ష్యమైతే ఆ వాదనను కొట్టిపారేయడం కష్టం. దాన్ని ఆపింది పాలచక్కెర.

రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు పెరుగు వేసి తోడు పెడతాం. తెల్లారేసరికి గడ్డ పెరుగు. తోడులో ఉన్న బ్యాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, తిని లాక్టిక్ ఆమ్లం వదిలింది. ఆ పులుపుకే పాలు విరిగి గట్టిపడ్డాయి. ఈ.కోలై కూడా పాలచక్కెరను పులియబెట్టగలదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా పులియబెట్టలేదు. కారణం చిన్నది. లాక్టోజ్ రెండు చిన్న చక్కెరలు జతకట్టిన అణువు. దాన్ని కణం లోపలికి తెచ్చుకోవడానికి ఒక ప్రొటీన్ కావాలి, ముక్క చేయడానికి బీటా గెలాక్టొసిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఈ.కోలై దగ్గర రెండూ ఉన్నాయి. అవి కూడా ఎప్పుడూ ఉండవు, పాలచక్కెర ఎదురైనప్పుడే తయారు చేసుకుంటుంది. ఆ పొదుపు ఎలా సాగుతుందో విప్పి చెప్పినందుకే ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనోలు 1965లో నోబెల్ అందుకున్నారు. టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఆ జన్యువులే లేవు. పాల సముద్రంలో వేసినా దానికి ఆ చక్కెర అక్కరకు రాదు.

ఈ తేడాను కంటికి కనిపించేలా చేసినవాడు ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, మురుగునీటి మీద వేసిన రాయల్ కమిషన్ కోసం పనిచేస్తూ, ఆయన ఒక మీడియం తయారు చేశాడు. 1905 నాటికి దానికి వచ్చిన రూపాన్నే, చిన్న చిన్న మార్పులతో, ఇవాళ్టికీ ప్రతి జిల్లా ఆసుపత్రిలో పోసుకుంటున్నాం. అగర్ గట్టిదనానికి, పెప్టోన్ తిండికి. వాటితో పాటు పాలచక్కెర, న్యూట్రల్ రెడ్ అనే రంగు, పైత్యరసపు లవణాలు. ఇందులో పైత్యలవణాలు వేయడం నాకు ఎప్పుడు తలచుకున్నా గొప్పగా అనిపించే సంగతి. పేగులో బతకాలంటే పైత్యరసాన్ని తట్టుకోవాలి. చర్మం మీదివి, గాలిలోవి చాలావరకు తట్టుకోలేక అక్కడే ఆగిపోతాయి. అంటే ఆ ప్లేటు వాకిట్లోనే వచ్చినవాళ్ల ఊరు అడిగేస్తుంది. పేగువాళ్లే లోపలికి వస్తారు.

మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తలుపు తీసి మెకాంకీ ప్లేటును వెలుతురుకు పట్టి చూడండి. లూప్‌తో ముగ్గుగీతల్లా గీసిన దారి పొడవునా కాలనీలు లేచి ఉంటాయి. పాలచక్కెర తిన్న కాలనీ తన చుట్టూ ఆమ్లం వదిలి ఉంటుంది. ఆమ్లంలో న్యూట్రల్ రెడ్ ఎర్రబడుతుంది కాబట్టి ఆ కాలనీ పండిన గోరింటాకు రంగులో కనిపిస్తుంది. తిననిది గంజిచుక్కలా, వెలవెలబోయి, లోపలికి చూపు ఆనేలా ఉంటుంది. మలం నుంచి చేసిన ప్లేటులో ఎర్రటివి వందలు ఉండొచ్చు, రంగులేనివి రెండో మూడో. మేం వెతికేది ఆ రెండు మూడింటినే. పేగులోని మొత్తం బ్యాక్టీరియాలో ఈ.కోలై నూటికి ఒకటి కూడా ఉండదు. గాలి తగిలితే చనిపోయేవే అక్కడ అత్యధికం. కానీ మన ప్లేటు మీద గాలిలో పెరిగేది ఈ.కోలై కాబట్టి ఊరంతా దానిదే అన్నట్టు కనిపిస్తుంది.

పైత్యరసాన్ని తట్టుకునే గుణం ప్లేటు మీద మనకు మేలు చేసింది. అదే గుణం మనిషి ఒంట్లో చేటు చేస్తుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా కొందరిలో జ్వరం తగ్గాక కూడా పిత్తాశయంలో, ముఖ్యంగా అక్కడ రాళ్లుంటే, ఏళ్ల తరబడి దాక్కుంటుంది. మనిషికి ఏ బాధా ఉండదు, మలంలో బ్యాక్టీరియా పడుతూనే ఉంటుంది. న్యూయార్క్‌లో ఇళ్లల్లో వంటచేసి బతికిన ఐర్లండ్ మనిషి మేరీ మాలన్ కథ అదే. 1906 వేసవిలో ఆమె వండిన ఒక ఇంట్లో 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరు ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్ల జాడ తీశాడు. 1907లో ఆమె మలాన్ని నగర లేబొరేటరీలో కల్చర్ చేస్తే టైఫాయిడ్ దొరికింది. ఆమె మాత్రం ఆరోగ్యంగా ఉంది. తనకు జబ్బు ఉందని ఎన్నడూ ఒప్పుకోలేదు. మూడేళ్లు ఒక దీవిలో ఉంచి 1910లో వదిలారు. 1915లో మళ్లీ ఒక ప్రసూతి ఆసుపత్రి వంటగదిలో దొరికాక, 1938లో చనిపోయేదాకా అదే దీవిలో ఉంచారు. జబ్బు లేని మనిషిని రంగులేని కాలనీల ఆధారంగా జీవితాంతం నిర్బంధించారు. ఆ తప్పొప్పుల లెక్క ఈ అధ్యాయంలో తేలదు. కానీ ప్లేటు మీద చుక్కను చూసి కాగితం మీద ఒక పేరు రాసే ప్రతిసారీ నాకు ఆమె గుర్తొస్తుంది.

రంగులేనివన్నీ టైఫాయిడ్ కావు. పాలచక్కెర ముట్టనివాటిలో షిగెల్లా ఉంది, ప్రోటియస్ ఉంది, ఇతర సాల్మొనెల్లాలు ఉన్నాయి, ఆలస్యంగా తినేవీ ఉన్నాయి. అందుకని అనుమానం వచ్చిన కాలనీని సన్నని తీగకొనతో తాకి ఒక గొట్టంలో పొడుస్తాం. దాని పేరు టీఎస్ఐ. మూడు చక్కెరలు, కొంచెం ఇనుము ఉన్న అగర్ అది. మా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష.

దాన్ని అర్థం చేసుకోవడానికి మన ఇళ్లల్లో శుభకార్యానికి తీసే ఎర్రనీళ్లు తలచుకుంటే చాలు. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపితే నీళ్లు పచ్చగా ఉంటాయి. చిటికెడు సున్నం వేయగానే కుంకుమ రంగుకు తిరుగుతాయి. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపే. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపు ఆ రెండింటి మధ్య సాక్షి. టీఎస్ఐలో వేసే ఫినాల్ రెడ్ కూడా సరిగ్గా పసుపు లాంటిదే: ఆమ్లంలో పసుప్పచ్చ, క్షారంలో ఎరుపు. న్యూట్రల్ రెడ్ దీనికి తలకిందులు, ఆమ్లంలో ఎరుపు. పిల్లలు మొదటి నెలంతా ఈ రెండింటినీ కలగాపులగం చేస్తారు.

టీఎస్ఐ గొట్టాన్ని వేడిగా ఉన్నప్పుడే వాల్చి గడ్డకట్టనిస్తారు. పైభాగం ఏటవాలుగా ఉంటుంది, దాన్ని స్లాంట్ అంటాం. గాలి బాగా తగులుతుంది. అడుగు భాగం దిమ్మలా ఉంటుంది, దాన్ని బట్ అంటాం. గాలి ఆడదు. ఇందులో లాక్టోజ్ నూటికి ఒక పాలు, మామూలు పంచదార ఒక పాలు, గ్లూకోజ్ మాత్రం వాటిలో పదోవంతు. తెలివంతా ఈ కొలతలోనే ఉంది. పేగు కుటుంబంలో ప్రతిదీ గ్లూకోజ్ తింటుంది. కాబట్టి తొలి కొన్ని గంటల్లో ఏ బ్యాక్టీరియా వేసినా గొట్టమంతా పసుపే. ఉన్న కాస్త గ్లూకోజ్ అయిపోయాక అసలు కథ మొదలవుతుంది. లాక్టోజ్ లేదా పంచదార తినగలిగినవి ఆమ్లం వదులుతూనే ఉంటాయి, గొట్టం పసుపుగానే మిగులుతుంది. తినలేనివి ఆకలికి పెప్టోన్ మీద పడతాయి. పెప్టోన్‌ను తింటే అమ్మోనియా వస్తుంది, అది క్షారం. గాలి తగిలే స్లాంట్ మీద ఈ పని బాగా సాగి అక్కడ ఉన్న కొంచెం ఆమ్లం విరిగిపోతుంది, పైభాగం ఎర్రబడుతుంది. అడుగున గాలి లేదు కాబట్టి బట్ పసుపుగానే ఉండిపోతుంది. పైన ఎరుపు, కింద పసుపు. అది పాలచక్కెర, పంచదార రెండూ ముట్టనిదాని ముద్ర.

దీన్ని 18 నుంచి 24 గంటల మధ్య చదవాలి. ముందు చదివితే తప్పు, మరీ ఆలస్యంగా చదివినా తప్పు. ఈ మాట పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉంటుంది. నాకు అది వంటబట్టింది చేరిన మొదటి ఏడాదిలో. ఒక పసివాడి మలంలో రంగులేని కాలనీ దొరికింది. రాత్రి పది దాటాక గొట్టం పెట్టి వెళ్లాను. పొద్దున ఏడింటికే ఆత్రంగా తీసి చూస్తే పైనా కిందా పసుపు. పంచదార తినే ఏదో అమాయకపు జాతి అని తీర్మానించుకుని, రిజిస్టరులో రోగకారకం ఏమీ పెరగలేదని రాసేశాను. మా సీనియర్ టెక్నీషియన్ ఆ పేజీ చూసి, "మేడమ్, దీన్ని ఎన్నింటికి పెట్టారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన మరో మాట అనకుండా చెత్తబుట్ట పక్క ర్యాక్‌లో ఉన్న గొట్టాన్ని వెతికి తీసి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టాడు. సాయంత్రం నాలుగున్నరకు తీసి నా చేతికిచ్చాడు. స్లాంట్ ఎర్రగా తిరిగింది. బట్ పసుపుగా ఉంది. రెండూ కలిసేచోట, సరిగ్గా మూలలో, పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత. రిజిస్టరులో నా వాక్యం కొట్టేసి, పక్కన సంతకం చేశాను. ఆ పిల్లవాడి రిపోర్టు మారింది. ఆయన అడగకపోయి ఉంటే మారేది కాదు.

ఆ నల్లగీత గురించి చెప్పాలి. గొట్టంలో గంధకం ఉన్న థయోసల్ఫేట్, ఇనుపలవణం కూడా వేస్తారు. కొన్ని బ్యాక్టీరియా థయోసల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టిస్తాయి, కుళ్లిన గుడ్డు వాసనదే. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్. కోడి, గుడ్లు, మాంసం ద్వారా వచ్చే మామూలు సాల్మొనెల్లాలు గొట్టం సగభాగాన్ని మసిబొగ్గు చేసేస్తాయి. టైఫాయిడ్‌ది మాత్రం పిసినారి చెయ్యి. స్లాంటూ బట్టూ కలిసే అంచున నూనూగు మీసంలా కాస్త నలుపు, అంతే. ఒక్కోసారి అదీ రెండోరోజు గానీ కనిపించదు.

ఇంకొకటి, బుడగలు. ఇడ్లీపిండి రాత్రికి పొంగి గిన్నె అంచు దాటుతుంది కదా. అందులోని బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ పిండిలో చిక్కుకుని పైకి లేపింది. ఈ.కోలై గ్లూకోజ్ తిన్నప్పుడు దారిలో ఫార్మిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని అది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులుగా విడగొడుతుంది. టీఎస్ఐలో ఆ వాయువు అగర్‌ను చీల్చి, ఒక్కోసారి దిమ్మనంతా అడుగు నుంచి పైకి ఎత్తేస్తుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఆ ఆమ్లాన్ని విడగొట్టలేదు. దాని గొట్టంలో ఒక్క బుడగ ఉండదు. ద్రవంలో ఈ సంగతి చూడటానికి 1898లో హెర్బర్ట్ డర్హమ్ అనే ఇంగ్లిషు వైద్యుడు చేసిన ఉపాయం ఎంత సులువంటే, పెద్ద గొట్టంలోని చక్కెర ద్రవంలో ఒక బుల్లి గొట్టాన్ని బోర్లించి వదిలాడు. గ్యాస్ పుడితే బుల్లి గొట్టం నెత్తిన ఖాళీ కనిపిస్తుంది. నూటపాతికేళ్లు దాటినా దాన్ని మెరుగుపరచాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. తాగునీళ్లలో మలకాలుష్యం ఉందా అని చూసేవాళ్లు ఇప్పటికీ ఆ బోర్లించిన గొట్టాలనే లెక్కపెడుతున్నారు.

ఇండోల్ పరీక్ష కాస్త వేరే రకం. ఇక్కడ చక్కెర లేదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంది. ఈ.కోలై దాన్ని విరగ్గొట్టి ఇండోల్ అనే పదార్థాన్ని వదిలేస్తుంది. రాత్రంతా పెరిగిన ద్రవం మీద కొవాక్స్ రసాయనాన్ని గోడవెంట నాలుగు చుక్కలు జార్చి నెమ్మదిగా ఆడిస్తే, పైన తేలిన పొర చెర్రీపండు రంగుకు తిరుగుతుంది. గాజు గొట్టానికి ఎర్రగాజు తొడిగినట్టుంటుంది. టైఫాయిడ్ దగ్గర ఆ పొర లేత పసుపుగానే ఉంటుంది. ఇండోల్ పేరులో ఉన్నది నీలిమందు. ఇండిగోను విరగ్గొడుతూ పోయి పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బేయర్ దీన్ని సాధించాడు. ఒకప్పుడు కడప జిల్లా రైతులు పండించిన నీలిమందే అది. మలానికి ఆ దుర్వాసన రావడంలో దీనికీ పాత్ర ఉంది. మల్లెపూల పరిమళంలోనూ ఇదే అణువు ఉంది.

ఇండోల్‌తో పాటు మిథైల్ రెడ్, వోగెస్ ప్రాస్కావర్, సిట్రేట్ అని మరో మూడు పరీక్షలు కలిపి ఇమ్‌విక్ అంటారు. విద్యార్థులు ప్లస్ ప్లస్ మైనస్ మైనస్ అని జపం చేసేది వీటినే. అది ఈ.కోలై జాతకం. దాని బంధువు క్లెబ్సియెల్లాకు సాధారణంగా సరిగ్గా తలకిందులు. వీటి పుట్టుక ఎక్కువగా నీటి పరీక్షలది కాబట్టి ఇక్కడ ఆగను. సిట్రేట్ ఒక్కటీ మనకు పనికొస్తుంది. చాలా సాల్మొనెల్లాలు సిట్రేట్ మీద బతికి ఆకుపచ్చ గొట్టాన్ని నీలం చేస్తాయి. టైఫాయిడ్ చేయలేదు. గ్యాస్ లేదు, ఇండోల్ లేదు, సిట్రేట్ లేదు, నలుపు కూడా అరకొర. తన కుటుంబంలోకెల్లా చేతకానిది అన్నట్టు కనిపిస్తుంది.

మమ్మల్ని ఎక్కువసార్లు తప్పుదారి పట్టించేది ప్రోటియస్. పాలచక్కెర తినదు, నలుపు బాగా వేస్తుంది. సాల్మొనెల్లా దొరికిందని గుండె ఝల్లుమంటుంది. 1885లో దీనికి పేరు పెట్టిన హౌజర్, ఎప్పటికప్పుడు రూపం మార్చే గ్రీకు సముద్రదేవత పేరు తీసుకున్నాడు. మన దగ్గరైతే మారీచుడి పేరు పెట్టేవారేమో. మామూలు అగర్ మీద ఇది ఒకచోట కాలనీగా ఉండదు, చెరువులో రాయి పడ్డట్టు అలలు అలలుగా ప్లేటంతా పాకుతుంది. దీని గుట్టు యూరియా రట్టు చేస్తుంది. యూరియాను విరగ్గొట్టే ఎంజైమ్ ప్రోటియస్‌లో ఎంత జోరుగా ఉంటుందంటే, యూరియా గొట్టంలో వేసిన కొన్ని గంటలకే అమ్మోనియా పుట్టి గొట్టం ముదురు గులాబీకి తిరుగుతుంది. సాల్మొనెల్లా ఆ గొట్టాన్ని ఎంతసేపు ఉంచినా పసుపుగానే వదిలేస్తుంది. అందుకని టీఎస్ఐ పెట్టినప్పుడే పక్కన యూరియా కూడా పెట్టడం మా ఆనవాయితీ.

చివరి మెట్టు సీరం. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొరలకు అతుక్కునే యాంటీబాడీలున్న చుక్కను స్లైడు మీద వేసి, కాలనీని అందులో కలిపి ఆడిస్తే, పాలు విరిగినట్టు తునకలు తునకలుగా కడుతుంది. అర నిమిషంలో తేలిపోతుంది. అయితే నేరుగా ఇదే చేసి, ఆ గొట్టాలన్నీ మానేయొచ్చు కదా అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సిట్రోబ్యాక్టర్ ఉంది కాబట్టి మానకూడదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా తన చుట్టూ కప్పుకునే వీఐ అనే పూతను సిట్రోబ్యాక్టర్‌లో కొన్ని రకాలు కూడా కప్పుకుంటాయి. సీరం వాటినీ తునకలు కట్టిస్తుంది. వాటిని పట్టించేది లైసీన్ గొట్టం. సాల్మొనెల్లా టైఫీ లైసీన్ అనే అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఊడబీకి క్షారాన్ని మిగుల్చుతుంది, గొట్టం ఊదారంగులో ఉంటుంది. సిట్రోబ్యాక్టర్‌కు ఆ ఎంజైమ్ లేదు, గొట్టం పసుపు. మమ్మల్ని ఇంత తికమకపెట్టే ఈ సిట్రోబ్యాక్టరే ఇంకోచోట మేలు చేసింది. హైదరాబాద్‌లోని బయలాజికల్ ఈ సంస్థ తయారుచేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు వీఐ పూతను సిట్రోబ్యాక్టర్ నుంచే తీస్తారు. రోగం తేగల టైఫాయిడ్ బ్యాక్టీరియాను పీపాల్లో పెంచే ప్రమాదం తప్పింది.

ఇదంతా తేలడానికి మూడు నాలుగు రోజులు. జ్వరంతో ఉన్నవారికి అది చాలా ఎక్కువ కాలమని నాకు తెలుసు. అందుకే మన ఊళ్లల్లో విడాల్ అంత పాతుకుపోయింది. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ప్రకటించిన పరీక్ష అది, గంటల్లో జవాబు వస్తుంది. కానీ అది బ్యాక్టీరియాను చూడదు. మన రక్తంలో యాంటీబాడీలను చూస్తుంది. టైఫాయిడ్ తరచుగా తిరిగే చోట పాత జ్వరం తాలూకు యాంటీబాడీలు చాలామందిలో ఉంటాయి. వేరే జ్వరాల్లోనూ పెరగొచ్చు. ఒక్కసారి చేసిన విడాల్ కాగితం పట్టుకుని పది రోజులు యాంటీబయాటిక్ వాడినవారిని ఎంతమందిని చూశానో. మందు మొదటి మోతాదు పడకముందే, జ్వరం మొదటి వారంలో, రక్తం కల్చర్‌కు ఇవ్వండి. పెద్దవారికైతే ఎనిమిది, పది మిల్లీలీటర్లు కావాలి, ఎందుకంటే రక్తంలో ఈ బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుంది. అంత జాగ్రత్తగా చేసినా నిజంగా టైఫాయిడ్ ఉన్నవారిలో సుమారు సగం మందిలోనే దొరుకుతుంది. దొరికినప్పుడు మాత్రం పేరుతో పాటు ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో కూడా తెలుస్తుంది. విడాల్ ఎప్పటికీ చెప్పలేనిది అదే.

ఇప్పుడు గొట్టాల వరుస స్థానంలో యంత్రాలు వచ్చాయి. మొదట 1970లలో ఫ్రాన్స్ నుంచి ఏపీఐ 20ఈ వచ్చింది. ఒక ప్లాస్టిక్ పట్టీ మీద 20 చిన్న గుంటలు, ఒక్కోదానిలో ఎండబెట్టిన ఒక్కో పరీక్ష. ఫలితాలను మూడేసి చొప్పున కూడితే ఏడంకెల సంఖ్య వస్తుంది, పిన్‌కోడ్ లాగే. 5144572 అని వచ్చిందంటే తలుపు తట్టకముందే తెలుసు, అది ఈ.కోలై ఇల్లు. ఆ తర్వాత మాల్డీ టాఫ్ వచ్చింది. కాలనీలో రవ్వంత తీసి లేజర్‌తో కొట్టి, ఎగిరిన ప్రొటీన్ల బరువులు తూచి, నిమిషాల్లో పేరు చెబుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. రోజుల తరబడి చేసిన పని అది. అయితే ఈ.కోలైకీ షిగెల్లాకీ మధ్య దానికి గట్టి తేడా దొరకదు. అక్కడికి వచ్చేసరికి మళ్లీ గొట్టాలే తీయాలి.

షిగెల్లా రక్తవిరేచనాలు తెచ్చేది. 1897 వేసవి నుంచి జపాన్‌లో 90 వేల మందికి పైగా దాని పాలపడ్డారు, నూటికి ఇరవై మందికి పైగా చనిపోయారు. టోక్యోలో కిటసాటో నడిపే సంస్థలో కొత్తగా చేరిన కియొషి షిగా, 36 మంది రోగుల మలాన్ని పరీక్షించి దాన్ని పట్టుకున్నాడు. అప్పటి నుంచీ దాన్ని వేరే జాతిగానే రాసుకుంటున్నాం. డీఎన్ఏ చదవడం మొదలయ్యాక తేలిందేమిటంటే, షిగెల్లా వేరే జాతేమీ కాదు, ఈ.కోలై వంశంలోంచే విడిపోయిన కొమ్మలు. విడిపోయాక చాలా పోగొట్టుకుంది. ఈదడానికి కశాభాలు లేవు. పాలచక్కెర చాలా రకాలు ముట్టవు, సొన్నై అనేది మాత్రం రోజులు గడిచాక తింటుంది. లైసీన్ ఎంజైమ్ ఏ రకంలోనూ లేదు.

లేబొరేటరీలో లైసీన్ గొట్టం పసుపుగా ఉంటే నెగెటివ్ అని రాసి ముందుకు పోతాం. అది ఎందుకు నెగెటివో తెలిసింది 1998లో, అమెరికాలో ఆంథొనీ మొరెల్లీ బృందం పని వల్ల. లైసీన్‌ను ఆ ఎంజైమ్ విరగ్గొడితే మిగిలేది కడావరిన్ అనే పదార్థం. షిగెల్లా పేగులో నీళ్లు ఊరేలా చేయడానికి వాడే విషాల పనికి ఆ కడావరిన్ అడ్డుతగులుతుంది. ఎంజైమ్ ఉన్నంతకాలం విషానికి పదును లేదు. అందుకే రోగకారకంగా మారే దారిలో షిగెల్లా దాన్ని వదిలించుకుంది, వేర్వేరు షిగెల్లా వంశాలు వేటికవే వదిలించుకున్నాయి. ఆ బృందం ఈ.కోలై నుంచి ఆ ఒక్క జన్యువును తెచ్చి షిగెల్లాలో పెట్టి చూసింది. గొట్టం ఊదారంగుకు తిరిగింది. షిగెల్లా తీవ్రత తగ్గిపోయింది.